మా ఇంట్లో మినీబస్సు ఆట మీద జరిగిన విచారణ

మీరు ఒక్కసారైనా ఆడి చూడని ఆట చచ్చిపోయిందని మీకెవరు చెప్పారు?

ఈ ప్రశ్నను నేను మొదట మా బావను అడిగాను. అతడు నోటితో జవాబు చెప్పలేదు. కచోరీ నూనె అంటిన వేలితోనే ఫోను తెర పైకి తోసి ఒక గీత చూపించాడు. ఆ గీత ఎడమ వైపున కొండలా లేచి, కుడి వైపుకు వచ్చేసరికి నేలకు అంటుకుపోయి ఉంది.

"సూసినావా? గేమ్ శేష్," అన్నాడు.

శేష్ అంటే బెంగాలీలో అయిపోయిందని. భవానీపూర్ క్వార్టర్లలో పుట్టి పెరిగిన మేము దేన్నైనా తెలుగులో మొదలుపెడతాం గాని, తెలుగులో ముగించడం మాకు చేతకాదు.

బావ అంటే మా మేనత్త కొడుకు. ధర్మతల్లా వెనుక ఎలక్ట్రానిక్స్ బజారులో, కంప్యూటర్లు బిగించే దుకాణంలో పనిచేస్తాడు. ఏ గ్రాఫిక్స్ కార్డు ఎంత వేడెక్కుతుందో, దాన్ని చల్లబరచడానికి ఎన్ని ఫ్యాన్లు కావాలో, మెమరీ ధర ఈ వారం ఎందుకు పెరిగిందో అతడికి తెలిసినంతగా మా వాడలో ఎవరికీ తెలియదు. ఆ విద్యను నేను గౌరవిస్తాను. నా సహనానికి పరీక్ష పెట్టేది దాని తరువాతి భాగం. ప్రతి ఆదివారం ఉదయం మూలమీది అంగట్లో కచోరీలు, బంగాళాదుంప కూర కట్టించుకుని మా ఇంటికి వస్తాడు. వాటితోపాటు ఆ వారం ఆటల లోకపు వార్తలన్నీ మోసుకొస్తాడు. ఏ సంస్థ ఏ స్టూడియోను కొన్నది, ఎక్కడ ఎంతమందిని తీసేశారు, కొత్త కన్సోలు ఎందుకు ఆలస్యమవుతోంది, ఏ ఆటలో ఇప్పుడు ఎందరు మిగిలారు. కచోరీలు ఎప్పుడూ వేడిగానే ఉంటాయి. వార్తల విషయంలో ఆ హామీ ఇవ్వలేను.

కాలేజీ డిబేట్ జట్టులో గడిపిన ఏళ్లు నాకు ఒక అలవాటును మిగిల్చాయి. ఎవరు ఏ అంకె చెప్పినా అది ఎక్కడిదని అడుగుతాను. ఒక ఆటను ఫోనులోకి దించుకున్నవారి సంఖ్య వేరు, నెలలో ఒక్కసారైనా తెరిచినవారి సంఖ్య వేరు, ఈ క్షణాన ఆడుతున్నవారి సంఖ్య వేరు. బావ ఈ మూడింటినీ ఒకే సంచిలో వేసుకుని తిరుగుతాడు. వాదనకు ఏది పనికొస్తే దాన్ని బయటికి తీస్తాడు. తనకు నచ్చిన ఆటకు పెద్ద సంఖ్య, నచ్చనిదానికి చిన్న సంఖ్య. అబద్ధం చెబుతున్నాడనడానికీ వీల్లేదు, ప్రతి అంకె ఎక్కడో ఒకచోట నిజమే కనుక. నాకు తలనొప్పి తెప్పించేది అదే.

"బావా, నీకిష్టమైన ఆ తుపాకులాట కూడా పోయిన నెల ఇలాగే పడింది కదా. అప్పుడేటన్నావు?"

"అప్పుడు పరీచ్చలు. పిల్లలు సదువుకోవద్దేటి?"

"మరి ఈ ఆట పడితే?"

"ఇది సచ్చింది."

"ఈ ఆట ఆడేవాళ్లకి పరీక్షలుండవేటి?"

"అరే బాబా, నీతోటి మాటాడితే కోర్టుకెల్లినట్టుంటాది. తిను, సల్లారిపోతన్నాది."

బావ చచ్చిపోయిందన్న ఆ ఆట మా చెల్లెలి కంపెనీది. అది ఇంకెవరిదైనా అయి ఉంటే, ఇదంతా ఎప్పటిలాగే కచోరీలతోపాటు అరిగిపోయేది.

చెల్లెలు అంటే మా పిన్ని కూతురు; నన్ను అప్పా అని, అంటే అక్కా అని, పిలుస్తుంది. న్యూ టౌన్‌లో ఒక చిన్న ఆటల కంపెనీలో టెస్టరుగా చేరి అప్పటికి ఏడాది దాటింది. ఆ కంపెనీ ఆటలో మనం ఒక మినీబస్సు నడపాలి. ఇరుకు వీధుల్లో జనాన్ని ఎక్కించుకుని, రిక్షాలనూ గొడుగులనూ తప్పించుకుని, వెనుక వచ్చే బస్సుకంటే ముందు స్టాపు చేరాలి. ఆట ఎక్కడ చెడుతుందో కనిపెట్టి రాయడం ఆమె పని. బస్సు వంతెనలోంచి జారి కిందికి పడిపోతే ఎన్నో మలుపు దగ్గర పడిందో రాయాలి. కండక్టరు చేత్తో బస్సు రేకు మీద కొట్టే చప్పుడు, బస్సు కదిలిపోయాక వినబడుతుంటే, ఏ ఫోనులో అలా వినబడుతోందో రాయాలి. ఈ ఆఖరి దాని కారణం పట్టుకోవడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. ఈ సంగతులన్నీ నాకు చాలా ఆలస్యంగా తెలిశాయి. ఎందుకు ఆలస్యమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పిన్ని భర్త, మా బాబాయి, పురపాలక సంస్థ డ్రైనేజీ విభాగంలో పనిచేస్తూ నిరుడు జబ్బుచేసి పోయాడు. సర్వీసులో ఉండగా పోయినవారి ఇంట్లో ఒకరు ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒక్కరే. కాగితంలో ఒక్క పేరే రాయాలి, మిగిలినవాళ్లు అభ్యంతరం లేదని సంతకాలు చేయాలి. మా క్వార్టర్లలో చాలా ఇళ్లు ఇలా చేతులు మారిన ఉద్యోగాల మీదే నిలబడ్డాయి. పిన్ని తన కూతురి పేరు రాయాలంది. తను న్యూ టౌన్ పని వదలనని చెల్లెలు అంది. నెలాఖరులోగా కాగితం అందజేయాలి. మా వాళ్లందరి దరఖాస్తులు ఇంగ్లీషులో నింపేది నేనే కాబట్టి, ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చింది.

"మీ ఇద్దరూ తెలిసినోలు," అని పిన్ని నాకూ బావకూ అప్పగించింది. "ఆ ఆటల కంపినీ నిలబడతాదో నేదో మీరే తేల్సండి. నిలబడతాదంటే నాను నోరెత్తను. నేదంటే ఆ గుంట పేరే రాసీ." గుంట అంటే మా యాసలో ఆడపిల్ల.

ఒక మనిషి బతుకుతెరువును ఇద్దరు వాదులాడుకునేవాళ్లకు అప్పగించడం తప్పని ఆ రోజే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నిజానికి నాకు సంబరంగా అనిపించింది. ఇన్నాళ్లకు బావతో వాదన ఒక తీర్పు దాకా వెళుతుందనుకున్నాను.

మొదటి ఆదివారం బావ గీత చూపించాడు. మొదట చెప్పిన నా ప్రశ్నకు అదే అతడి జవాబు. అతడు అక్కడితో ఆగలేదు. గత ఏడాది మూతపడిన స్టూడియోల పేర్లు వరసగా చదివాడు. మంచం చివర కూర్చున్న చెల్లెలు మధ్యలో అందుకుంది.

"బావా, ఆ గీత మరి..."

నేను చెయ్యి అడ్డం పెట్టాను. "ఉండవే. ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు మాట్లాడకూడదు. నీ వంతు వస్తుంది."

బావ మాట్లాడటం ముగించేసరికి ఆమె ఆదివారం షిఫ్టుకు బయల్దేరే వేళయింది. న్యూ టౌన్ వెళ్లాలంటే మెట్రో, ఆపైన బస్సు. ఆమె వంతు రాలేదు. ఆ సంగతి నేను గమనించను కూడా లేదు. బావ చదివిన పేర్లలో రెండు స్టూడియోలు ఇంకా నడుస్తున్నాయని వెతికి పట్టుకునే పనిలో ఉన్నాను.

రెండో ఆదివారమంతా యంత్రాల మీద గడిచింది. బావ సిద్ధాంతం ఏమిటంటే, మంచి కార్డు అక్కర్లేని ఆట ఆట కాదు. యంత్రాన్ని ఆయాసపడేలా చేస్తేనే దానికి భవిష్యత్తు ఉన్నట్టు. చెల్లెలి కంపెనీ ఆట నాలుగేళ్ల నాటి చవక ఫోనులో కూడా నడుస్తుంది కాబట్టి దాని పని అయిపోయినట్టే.

"బడ్జ్ బడ్జ్ మిల్లు కూలీల లైన్లలో ఎవులి సేతిలో కొత్త ఫోనుంది బావా?" అంది చెల్లెలు. "అద్దం పగిలిన ఫోనులో నడవకపోతే మా పని పోయినట్టే. నా బల్ల మీద అలాటివి పదకొండున్నాయి."

"అదే సెప్తన్నాను. మీది ఫోన్లాట."

"అయితే ఏటి?"

"ఏటీ నేదు. కార్డు నేదు, ఫ్రేముల్లేవు, ఏటీ నేదు."

నేను మళ్లీ నిబంధన గుర్తుచేశాను. "ఆట బాగుందా లేదా అన్నది ఇప్పుడు చర్చ కాదు. కంపెనీ నిలబడుతుందా అన్నదే. దానికి సంబంధించిందే మాట్లాడాలి." చెల్లెలు నా వైపు ఒకసారి చూసి, బొంత మడత పెట్టడం మొదలుపెట్టింది. చప్పుడేమీ లేదు గాని, మడతలు గట్టిగా పడ్డాయి.

మూడో ఆదివారం నేను విసిగిపోయి ఉన్నాను. వారం రోజులుగా ఆ గీతను రోజూ చూస్తున్నాను. అది లేవడం లేదు. గడువు దగ్గరపడింది. ఇక ఈ గోలంతా ఎందుకని, నేరుగా ఆమెనే అడిగాను.

"మీ ఆట రోజుకి ఎంతమంది ఆడుతున్నారు? ఒక్క అంకె చెప్పు చాలు."

"సెప్పలేనప్పా."

"చెప్పలేవా, చెప్పడానికి లేదా?"

ఆమె మాట్లాడలేదు. పిన్ని ఆమె ముఖంలోకి చూసింది. బావ చేతులు చాచి, ఇక నేను చెప్పేదేముంది అన్నట్టు కళ్లెగరేశాడు.

డిబేట్‌లో మాకు నూరిపోసిన సూత్రం ఒకటుంది. ఎదుటివారు జవాబివ్వని వాదాన్ని వారు ఒప్పుకున్నట్టే లెక్క. దానితో నేను ఎన్నో పోటీలు గెలిచాను. ఆ ఉదయం కూడా అదే చేశాను. కలం తీసి, దరఖాస్తులో అభ్యర్థి పేరు రాసే గడిలో, పెద్ద అక్షరాలతో, నల్ల సిరాతో, చెల్లెలి పేరు రాశాను. ఆమె లేచి వెళ్లిపోలేదు, ఏడవలేదు. నేను రాస్తున్నంతసేపూ నా చేతినే చూసింది.

అప్పుడు కిటికీ పక్కన కుర్చీలో ఉన్న తాత పత్రిక పక్కన పెట్టాడు.

మా తాత కిదిర్‌పూర్ డాకులో, అంటే ఓడరేవులో, టాలీ గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. ఓడలోంచి దిగే బస్తాలను లెక్కపెట్టడమే ఆ ఉద్యోగం. నాకు తెలుగు చదవడం, రాయడం నేర్పింది ఆయనే. మా తరంలో మిగతావాళ్లకు అది మాట్లాడటంతోనే ఆగిపోయింది. ఆయన మూడు ఆదివారాలు ఒక్క మాట అనకుండా కూర్చున్నాడు. వినబడటం లేదేమో అనుకున్నాం.

"ఒలే అమ్మీ," అని పిలిచాడు చెల్లెల్ని. "నీ కాడ నెక్క ఉన్నాదేటి?"

ఆమె తల ఊపింది.

"బైటికి సెప్పకూడదని సంతకం ఎట్టించుకున్నారేటి?"

"అవును తాతా. సేరినప్పుడే ఎట్టించుకున్నారు. సెప్తే ఉద్యోగం ఉండదు."

తాత నా వైపు తిరిగాడు. "ఓడ తరుపున ఒకడు, డాకు తరుపున ఒకడు, ఇద్దరం అవే బస్తాలు నెక్కెట్టీవోలం. నా కాయితం ఆడు సూడకూడదు, ఆడిది నాను సూడకూడదు. ఆకర్ని రెండూ పక్కపక్కనెట్టి కలిపీవోరు. మద్దిలో ఎవులడిగినా నోరిప్పకూడదు. నా సొంత తమ్ముడడిగినా సెప్పనేదు నాను. సెప్పనోడికి నెక్క తెల్దని నీకెవులు సెప్పినారే? ఇదేనా కాలేజీలో నేర్పినది?"

నేను కలానికి మూత పెట్టాను. తాత బావను పట్టుకున్నాడు.

"నువ్వు సూపిస్తన్న గీత ఎక్కడ నెక్కెట్టింది? ఓడకి అయిదు హేచీలుంటాయి. అయిదు కాడా మనుసులుంటారు. ఒక్క హేచీ కాడ నిలబడి, ఓడ కాళీ అంటే ఒప్పుకుంటారేటి?"

హేచీ అంటే ఓడ పైకప్పులో సరుకు దింపే పెద్ద నోరు. బావ కాస్త ఇబ్బందిగా కదిలాడు.

"అది కంపూటర్లో ఆడీవోల నెక్క, తాతా. ఆ ఆన్‌లైన్ కొట్లో కొనుక్కున్నోలది."

"ఫోన్లో ఆడీవోలు?"

"అందులో రారు."

నేను అతడి చేతిలోంచి ఫోను లాక్కుని చూశాను. గీత కింద, బూడిద రంగు చిన్న అక్షరాల్లో, ఆ మాట రాసే ఉంది. వారం రోజులుగా రోజూ చూసిన పేజీ అది.

"నీకు ముందే తెలుసా?" అని అరిచాను.

"తెల్సు. తెల్దేటి?"

"మరి చెప్పవేటి?"

"ఫోన్లో ఆడీవోలు గేమర్లేటి?" అన్నాడు, ఏ పాపమూ ఎరగని ముఖంతో.

మూడు వారాల్లో మొదటిసారి చెల్లెలు నవ్వింది. "అత్త రోజూ మద్దేనం ఆడతాది బావా. మీ అమ్మే. నిన్నకాక మొన్న మూడు బస్సులు దాటీసింది. మీ ఇంట్లో ఆడీవోల్నే నువ్వు నెక్కెట్టనేదు."

"ధుర్!" అన్నాడు బావ. ఇక కచోరీ పొట్లం ముడి విప్పడంలో మునిగిపోయాడు.

నా కోపం బావ మీద కాసేపే నిలిచింది. అతడు ఫోనులో ఆడేవాళ్లను మనుషులుగా లెక్కించలేదు. అది అతడి మూర్ఖత్వం. నేను చేసింది వేరు. మూడు ఆదివారాలు ఒక అమ్మాయి ఉద్యోగం గురించి చర్చ నడిపి, ఆ ఉద్యోగం ఏమిటని ఆమెను ఒక్కసారి అడగలేదు. మొదటి వారం ఆమె "ఆ గీత మరి" అన్నప్పుడు చెప్పబోయింది ఇదే. ఆపింది నేను. వంతులు పాటించమన్నాను. ఆ వంతుల పట్టికలో ఆమె పేరే లేదు.

ఇప్పుడు అడిగాను. వంతెనలోంచి జారే బస్సు గురించీ, ఆలస్యంగా వినబడే రేకు చప్పుడు గురించీ చెప్పింది. కంపెనీ నిలబడుతుందా అని పిన్ని అడిగితే, దాచకుండా చెప్పింది.

"వొచ్చే ఏడు ఉంటాదో ఉండదో నాకు తెల్దమ్మా. మా పైవోలకీ తెల్దు. మూసీసినా నేర్సుకున్న పని నాతోటే ఉంటాది. ఇంకో కాడ అడుగుతాను."

"ఆ మాట ముందే సెప్పొచ్చు కదే," అంది పిన్ని.

"ఎప్పుడు సెప్పమంటావు? వీలు మాటాడనిస్తే కదా." మమ్మల్ని చూపించింది. "ఆ పని నువ్వే సెయ్యొచ్చని మొదట్నించీ అంటన్నాను. నీకు వయసుంది, నీ పేరే రాయొచ్చు. అదీ ఎవులూ వినలేదు," అంది.

మా అందరికీ అది కొత్త మాట. పిన్ని పమిట కొంగు వేలికి చుట్టుకుంది. తనకు చదువు లేదనీ, ఆఫీసులో వాళ్లంతా బాబాయి తోటివాళ్లేననీ, అతడి కుర్చీ దగ్గర నిలబడితే ఏమనుకుంటారోననీ అంది. ఆ భయాన్ని ఆమె ఏడాదిగా కూతురి భవిష్యత్తు అనే పేరుతో మోస్తూ వచ్చింది. తాత, "నీకు సంతకం వొచ్చు కదా?" అని మాత్రం అడిగాడు. వచ్చు. బెంగాలీలో.

"ఇది కొట్టీసి నా పేరు రాయొచ్చేటి?" అని పిన్ని దరఖాస్తు నా ముందుకు జరిపింది.

కుదరదు. కొట్టివేతలున్న కాగితం తీసుకోరు. మరునాడు నేను పని మానుకుని పిన్నితో ఆఫీసుకు వెళ్లి, కొత్త ఫారం కోసం వరసలో నిలబడ్డాను. గుమస్తా ఎందుకు మరొకటని అడిగితే, మొదటిది నా తప్పు వల్ల పాడైందని చెప్పాను. అభ్యంతరం లేదన్న కాగితం మీద చెల్లెలు అదే సాయంత్రం సంతకం చేసింది. గడువుకు ముందే అందజేశాం. ఇది రాసే నాటికి జవాబు రాలేదు. పిన్ని మాత్రం, బాబాయి తోటి పనివారిని ఇంటికి పిలిచి, అక్కడ పని ఎలా ఉంటుందో అడగడం మొదలుపెట్టింది.

చెల్లెలు నాతో కొన్నాళ్లు ముభావంగా ఉంది. ఒకరోజు మెట్రో మెట్ల దగ్గర నిలబడి అడిగింది. "అప్పా, మీ డిబేట్లో 'సెప్పలేను' అన్నదానికి మార్కులుండవేటి?"

ఉండవని చెప్పాను. అది నిజం. దానికి క్షమాపణ కలిపి ఉంటే బాగుండేది. కలపడానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది.

బావ మారలేదు. మొన్న ఆదివారం కూడా ఏదో పెద్ద ఆట "శేష్" అయిందని వార్త తెచ్చాడు. ఆ ఆట వెనుక పనిచేసేవాళ్లు ఎవరో, వాళ్ల ఇళ్లలో ఆ పూట ఏ మాటలు నడుస్తున్నాయో మాకు తెలియదు. ఆ సంగతి నేనంటే, "నువ్వు కచోరీ కూడా తిననివ్వవు," అన్నాడు.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి విచారణ ఏదో నడుస్తూ ఉండవచ్చు. ఫలానా రంగం మునిగిపోతోందనీ, ఫలానా కంపెనీ పని అయిపోయిందనీ ఎవరో పంపిన గీతను పట్టుకుని, మీ చెల్లెలినో మేనల్లుడినో ఉద్యోగం మానమని చెబుతూ ఉండవచ్చు. ఈ వారం ఆ మనిషిని ముందు కూర్చోబెట్టండి. రోజంతా ఏం పని చేస్తారో అడిగి, వాళ్లు ముగించేదాకా అడ్డుపడకుండా వినండి. ఏదైనా చెప్పలేమంటే, ఎందుకు చెప్పలేరో మర్యాదగా అడగండి. అది పూర్తయ్యేదాకా కాగితం మీద ఎవరి పేరూ రాయకండి.